ది సెయింట్స్ అంటే ఏ సెయింట్స్? ఒక బ్రిస్బేన్ పంక్ బ్యాండు, యాభై ఏళ్ల చిక్కుముడి

2024 నవంబరులో ఆస్ట్రేలియాలో "ది సెయింట్స్ '73–'78" అనే పేరుతో వరుస కచేరీలు జరిగాయి. గిటారు పట్టింది ఎడ్ కుపర్, డ్రమ్స్ వాయించింది ఐవర్ హే. ఇద్దరూ బ్యాండును మొదలుపెట్టినవాళ్లే. పాడింది మాత్రం సియాటిల్‌కు చెందిన మడ్‌హనీ బ్యాండు గాయకుడు మార్క్ ఆర్మ్. అసలు గాయకుడు క్రిస్ బెయిలీ 2022 ఏప్రిల్ 9న నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో చనిపోయాడు.

కొత్తగా ఈ బ్యాండు గురించి తెలుసుకోబోయేవారికి ఇక్కడే తికమక మొదలవుతుంది. ఒకచోట "1978లో విడిపోయారు" అని ఉంటుంది. ఇంకోచోట అదే పేరుతో 2012లో వచ్చిన ఆల్బమ్ కనిపిస్తుంది. ఒకరు "ప్రపంచపు తొలి పంక్ బ్యాండ్లలో ఒకటి" అంటారు. ఆ మాట విని 1986 నాటి పాట పెట్టుకుంటే వయొలిన్లూ బాకాలూ వినిపిస్తాయి. ఇవన్నీ నిజాలే. ఒక్క పేరు కింద రెండు వేర్వేరు బ్యాండ్లు నడిచాయని గుర్తుపెట్టుకుంటే చాలావరకు ముడి వీడుతుంది. మిగిలేవి రెండు గట్టి ప్రశ్నలు: "మొదటి" అనే వాదనలో పస ఎంత? పేరు ఎవరిది?

పంక్ అంటే ఇక్కడ ఏమిటి

పంక్ రాక్ అనగానే పిన్నులు గుచ్చిన చొక్కా, ముళ్లలా నిలబెట్టిన జుట్టు గుర్తొస్తాయి. అది 1977 నాటి లండన్ వేషం. సంగీతంగా చూస్తే పంక్ లక్షణాలు తక్కువే, స్పష్టమైనవే: రెండు మూడు కార్డులతో (గిటారు మీద కలిపి మీటే స్వరాల గుంపులతో) నడిచే పాట, ఊపిరాడనివ్వని వేగం, సోలోలకు పెద్దగా చోటివ్వకుండా గోడలా మోగే గిటారు, అరుపుకూ పాటకూ మధ్యలో ఉండే గొంతు. దీనికి తోడు ఒక పద్ధతి: పెద్ద కంపెనీ పిలిచేదాకా ఆగకుండా సొంత డబ్బుతో రికార్డు వేసుకోవడం, వేదిక దొరక్కపోతే సొంతంగా ఏర్పాటు చేసుకోవడం.

సెయింట్స్‌కు సంగీతం, పద్ధతి రెండూ ఉన్నాయి. వేషం లేదు. లండన్‌లో వాళ్లకు ఎదురైన ఇబ్బందిలో సగం ఈ లేని వేషం వల్లే.

ఈ శబ్దం శూన్యంలోంచి ఊడిపడలేదు. అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతపు బ్యాండ్లు స్టూజెస్, ఎంసీ5 అప్పటికే ఇలాంటి మోత మోగించాయి. 1960లలో సిడ్నీలో మిస్సింగ్ లింక్స్ అనే మొరటు గ్యారేజ్ బ్యాండు ఉండేది. వాళ్ల పాట "వైల్డ్ అబౌట్ యూ"ను సెయింట్స్ తమ మొదటి ఆల్బమ్‌లో మళ్లీ పాడారు. అదే ఆల్బమ్‌లో ఎల్విస్ ప్రెస్లీ పాట కూడా ఒకటుంది. పాత రాక్ అండ్ రోల్ మీద ఇష్టాన్ని దాచుకోని కుర్రాళ్లు వీళ్లు. పాతదాన్నంతా తగలబెడదామనే లండన్ పంక్ ధోరణికి ఇది పూర్తిగా ఎదురు.

బ్రిస్బేన్, పోలీసులు, ఒక అద్దె ఇల్లు

బెయిలీ కెన్యాలో ఐరిష్ తల్లిదండ్రులకు పుట్టాడు, చిన్నతనం కొంత బెల్‌ఫాస్ట్‌లో గడిచింది. కుపర్ జర్మనీలోని బ్రెమెన్‌లో పుట్టాడు. రెండు కుటుంబాలూ వలస వచ్చి బ్రిస్బేన్ నైరుతి శివార్లలో స్థిరపడ్డాయి. బడి స్నేహితులైన ఈ ఇద్దరూ, హే కలిసి 1973లో బ్యాండు కట్టారు. మొదటి పేరు కిడ్ గలాహాడ్ అండ్ ది ఎటర్నల్స్. 1974కల్లా అది ది సెయింట్స్ అయింది.

అప్పటి క్వీన్స్‌లాండ్ రాష్ట్రానికి 1968 నుంచి 1987 దాకా ప్రీమియర్‌గా (మన ముఖ్యమంత్రి లాంటి పదవిలో) ఉన్నది జో బ్యెల్క్-పీటర్సన్. పోలీసులకు చేతినిండా అధికారం, యువత గుమిగూడితే అనుమానం. దక్షిణాఫ్రికా రగ్బీ జట్టు పర్యటన మీద నిరసనలు లేస్తాయని 1971లో ఏకంగా అత్యవసర పరిస్థితి ప్రకటించిన ప్రభుత్వమది. ఆ ప్రభుత్వం అండన పెరిగిన పోలీసు అవినీతి అంతా తర్వాత, 1987–89 నాటి ఫిట్జ్‌జెరాల్డ్ విచారణలో బయటపడింది.

అందుకే చాలా రచనల్లో "అణచివేత నుంచి పుట్టిన పంక్" అనే సూత్రం కనిపిస్తుంది. దీన్ని తేదీలతో సరిచూడాలి. వీధి ఊరేగింపులను క్వీన్స్‌లాండ్ ప్రభుత్వం నిషేధించింది 1977 సెప్టెంబరులో. అప్పటికి సెయింట్స్ బ్రిస్బేన్ వదిలి సిడ్నీ మీదుగా లండన్ చేరి నెలలు దాటింది. కాబట్టి ఆ నిషేధం మీద తిరుగుబాటుగా సెయింట్స్ పుట్టారనడం కుదరదు. ఆ మాట వాళ్ల తర్వాత వచ్చిన బ్రిస్బేన్ బ్యాండ్లకు సరిపోతుంది. సెయింట్స్ పాటల్లో నేరుగా రాజకీయ నినాదాలూ దాదాపు లేవు. అయితే అణచివేత మాటా కొట్టిపారేయలేం. నిషేధానికి ముందూ పోలీసులు కచేరీల మీద పడుతూనే ఉన్నారు, ఊళ్లోని హాళ్లు ఇలాంటి బ్యాండ్లను రానిచ్చేవి కావు. 1978లో వచ్చిన మూడో ఆల్బమ్‌లో బ్రిస్బేన్‌ను "సెక్యూరిటీ సిటీ" అంటూ ఒక పాటే ఉంది. ఊరు వదిలాక ఆ ఊరి గురించి రాసిన పాట అది.

వేదిక దొరక్కపోతే ఏం చేశారన్నది తెలిసిందే. పెట్రీ టెర్రస్‌లో బెయిలీ, హే అద్దెకున్న ఇంటినే కచేరీ హాలుగా మార్చి క్లబ్ 76 అని పేరు పెట్టారు. బ్రిస్బేన్‌లో ఉండే మన తెలుగువాళ్లకు రోమా స్ట్రీట్ స్టేషన్ తెలిసే ఉంటుంది. పెట్రీ టెర్రస్ అక్కడి నుంచి నడిచివెళ్లేంత దూరమే.

ఐదొందల రికార్డులు: ఒక సింగిల్ ఎలా తయారైంది

1976 జూన్‌లో బ్రిస్బేన్ వెస్ట్ ఎండ్‌లోని విండో స్టూడియోలో బ్యాండు రెండు పాటలు రికార్డు చేసింది: "ఐయామ్ స్ట్రాండెడ్", "నో టైమ్". ఇంజనీరు మార్క్ మోఫట్, బేస్ గిటారు కిమ్ బ్రాడ్‌షా. సెప్టెంబరులో ఆ సింగిల్‌ను, అంటే వైపుకు ఒక పాట ఉండే చిన్న రికార్డును, ఫేటల్ రికార్డ్స్ పేరుతో తామే విడుదల చేసుకున్నారు. వేసినవి 500 ప్రతులు.

ఈ అంకె ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే ఏడంగుళాల రికార్డు తయారీని కాస్త చూడాలి. స్టూడియో టేపు మీది పాటను ముందు లక్కపూత పూసిన పళ్లెం మీద గాడిగా చెక్కుతారు. ఆ పళ్లానికి విద్యుత్తుతో లోహపు పూత ఎక్కించి, దాని నుంచి స్టాంపర్ అనే లోహపు అచ్చు తీస్తారు. రెండు వైపులకు రెండు స్టాంపర్లు. వాటి మధ్య వేడెక్కిన వినైల్ ముద్ద పెట్టి నొక్కితే రికార్డు. ఖర్చులో పెద్ద వాటా స్టూడియోకూ, చెక్కుడుకూ, పూతకూ పోతుంది. అచ్చు సిద్ధమయ్యాక ఒక్కో ప్రతికి అయ్యేది తక్కువే. ఒక జత స్టాంపర్లకు 500 ప్రతులు లెక్కే కాదు. చేతిలో కొద్ది డబ్బున్న బ్యాండుకు చేరువలో ఉండే సంఖ్య అది.

నిడివి లెక్క ఇంకోటి. నిమిషానికి 45 చుట్లు తిరిగే ఏడంగుళాల రికార్డులో ఒక వైపు మూడున్నర, నాలుగు నిమిషాల పాట ఉంటే గాడి వెడల్పుగా కోయొచ్చు, శబ్దం బిగ్గరగా వస్తుంది. నిడివి ఆరేడు నిమిషాలకు పెరిగితే గాళ్లు ఇరుకై శబ్దం తగ్గించాల్సి వస్తుంది. వైపుకు రెండేసి పాటలున్న పాత తెలుగు సినిమా ఈపీ రికార్డు తక్కువ శబ్దంతో వినిపించడానికి కారణం ఇదే. మంద్ర స్వరాలతో నిండుగా, బిగ్గరగా మోగే పాటకు గాడిలో చోటు మరీ ఎక్కువ కావాలి. "ఐయామ్ స్ట్రాండెడ్" మూడున్నర నిమిషాల పాట. ఆ పరిమితిలో సరిగ్గా ఇమిడింది. సెయింట్స్ పాటలన్నీ ఇంత చిన్నవి కావు మరి. మొదటి ఆల్బమ్‌లోని "మెస్సిన్ విత్ ది కిడ్", "నైట్స్ ఇన్ వెనిస్" ఒక్కోటి ఆరు నిమిషాలకు దగ్గరగా ఉంటాయి. పంక్ అంటే రెండు నిమిషాల పాటే అనే సూత్రం ఈ బ్యాండు దగ్గర మొదట్లోనే చెల్లలేదు.

ఇక పంపిణీ. అంగడి ద్వారా 500 అమ్ముకుంటే ఊరు దాటవు. సెయింట్స్ చేసిన తెలివైన పని, ప్రతులను పత్రికలకూ రేడియోలకూ రికార్డు కంపెనీలకూ, విదేశాలకు కూడా, టపాలో పంపడం. ఏడంగుళాల రికార్డు సుమారు 40 గ్రాములే తూగుతుంది. విమానం టపాకు భారం కాదు. అలా పంపిన వాటిలో ఒకటి లండన్ వారపత్రిక సౌండ్స్‌కు చేరింది. సమీక్షకుడు జాన్ ఇంగమ్ ఈ వారానికే కాదు, ప్రతి వారానికీ ఇదే సింగిల్ అని రాశాడు. బ్రిటన్‌లో పవర్ ఎక్స్‌ఛేంజ్ అనే చిన్న లేబుల్ ఆ పాటను విడుదల చేసింది. పెద్ద రికార్డు కంపెనీ ఈఎంఐ లండన్ కార్యాలయం తన సిడ్నీ శాఖకు కబురు పెట్టి, ఈ బ్యాండుతో ఒప్పందం చేసుకోమంది. తమ దేశపు బ్యాండు సంగతి సిడ్నీ శాఖకు లండన్ చెబితే గానీ తెలియలేదు! ఆస్ట్రేలియా సంగీత రంగంలో ఈ ముచ్చటను ఇప్పటికీ చెప్పుకుంటారు.

మన పాత సినిమా పాటల రికార్డుల మీద కుక్క బొమ్మతో కనిపించే హెచ్‌ఎంవీ కూడా అప్పట్లో ఈ ఈఎంఐ గుంపులోదే.

"మొదటి పంక్ సింగిల్": తేదీలు ఏం చెబుతాయి

వాదన తరచూ పెడదారి పట్టేది "మొదటి" అనే మాటను దేనికి వాడుతున్నారో చెప్పకపోవడం వల్ల. బ్యాండు పుట్టిన తేదీ వేరు, రికార్డు చేసిన తేదీ వేరు, విడుదల వేరు, లోకం దాన్ని పంక్ అని పిలిచిన రోజు వేరు.

విడుదల తేదీలను వరసలో పెడదాం. న్యూయార్క్ బ్యాండు రామోన్స్ తొలి ఆల్బమ్ 1976 ఏప్రిల్. సెయింట్స్ సింగిల్ సెప్టెంబరు. లండన్‌లో డామ్డ్ వారి "న్యూ రోజ్" అక్టోబరు 22. సెక్స్ పిస్టల్స్ వారి "అనార్కీ ఇన్ ది యూకే" నవంబరు 26. అంటే బ్రిటన్‌లోని ఏ పంక్ బ్యాండూ రికార్డు తేకముందే బ్రిస్బేన్ నుంచి ఒకటి వచ్చేసింది. అమెరికా బయట తొలి పంక్ సింగిల్ సెయింట్స్‌దే అంటే తప్పుపట్టడం కష్టం. ప్రపంచంలోనే తొలి పంక్ రికార్డు అంటే మాత్రం రామోన్స్ అడ్డొస్తారు. న్యూయార్క్‌కే చెందిన గాయని పట్టీ స్మిత్‌ను, టెలివిజన్ అనే బ్యాండును లెక్కలోకి తీసుకుంటే ఇంకా వెనక్కి, 1974–75కు వెళ్లాలి.

ఇక్కడ ఇంకో సందేహం వస్తుంది: రామోన్స్‌ను విని సెయింట్స్ అనుకరించారా? రామోన్స్ రికార్డు వచ్చేనాటికి సెయింట్స్ రెండు మూడేళ్లుగా ఇదే వాయిస్తున్నారు. ఆ ఆల్బమ్ విన్నప్పుడు తనకు నీరసం వచ్చిందని, ఇక తాము వాళ్లను చూసి నేర్చుకున్నామనే అనుకుంటారని కుపర్ తర్వాత చెప్పాడు. ఒకే స్టూజెస్ రికార్డులు విని పెరిగిన కుర్రాళ్లు భూగోళం రెండు చివర్ల ఒకే మోత చేరుకోవడంలో వింతేమీ లేదు.

ఆస్ట్రేలియా లోపలా ఒక పోటీ ఉంది. సిడ్నీలో రేడియో బర్డ్‌మన్ 1974లోనే మొదలైంది, వాళ్ల తొలి ఈపీ కూడా 1976లోనే వచ్చింది. గిటారిస్టు డెనిజ్ టెక్ స్వయంగా మిషిగన్ నుంచి వచ్చినవాడు కాబట్టి ఆ బ్యాండులో డెట్రాయిట్ వాసన నేరుగా ఉంటుంది. ఎవరు ముందు అనే తగువు సిడ్నీ, బ్రిస్బేన్ అభిమానుల మధ్య తీరేది కాదు, తీర్చనవసరమూ లేదు. 1976లో బయటి ప్రపంచం చెవిన పడింది మాత్రం బ్రిస్బేన్ రికార్డే.

34వ స్థానం, ఆ తర్వాతి జారుడు

తొలి ఆల్బమ్‌ను 1976 డిసెంబరులో విండో స్టూడియోలోనే రెండు రోజుల్లో ముగించారు. నిర్మాత రాడ్ కో. పేరు మళ్లీ "ఐయామ్ స్ట్రాండెడ్". 1977 ఫిబ్రవరిలో విడుదలైంది. డామ్డ్ వారి ఆల్బమ్ వచ్చిందీ అదే నెలలో. బ్రిటన్‌లో ఈఎంఐ దీన్ని తన హార్వెస్ట్ లేబుల్ మీద తెచ్చింది. పింక్ ఫ్లాయిడ్ లాంటి బ్యాండ్లకు పేరుపడ్డ లేబుల్ అది. సెక్స్ పిస్టల్స్‌ను టీవీలో బూతులాడిన గొడవ తర్వాత 1977 జనవరిలో వదిలించుకున్న కంపెనీయే, మరుసటి నెల మరో పంక్ ఆల్బమ్‌ను బజారులో పెట్టిందన్నమాట.

1977 జూన్‌లో లండన్ రౌండ్‌హౌస్‌లో రామోన్స్, టాకింగ్ హెడ్స్‌తో ఒకే వేదిక మీద సెయింట్స్ వాయించారు. జూలైలో "దిస్ పర్ఫెక్ట్ డే" సింగిల్ బ్రిటన్ చార్టులో 34వ స్థానం చేరింది. బీబీసీ వారి టీవీ పాటల కార్యక్రమం టాప్ ఆఫ్ ది పాప్స్‌లో కనిపించారు. వాళ్ల జీవితంలో బ్రిటన్ చార్టు మొదటి నలభైలోకి వెళ్లిన పాట ఇదొక్కటే.

పైకెక్కాల్సిన చోట ఎందుకు ఆగారు? అప్పటి చార్టు, ఎంపిక చేసిన రికార్డు దుకాణాల నుంచి వారం వారం తెప్పించుకున్న అమ్మకాల లెక్కతో తయారయ్యేది. పాట ఈ వారం 34లో ఉందంటే వచ్చే వారం ఆ దుకాణాల్లో సరుకు ఉండాలి, పాట రేడియోలో మోగుతుండాలి, బ్యాండు ముఖం పత్రికల్లో ఉండాలి. మూడో దాంట్లో సెయింట్స్ వెనకబడ్డారు. కంపెనీ వాళ్లకు పంక్ దుస్తులు తొడిగి అమ్మాలని చూసింది. వాళ్లు ఒప్పుకోలేదు. పొడవు జుట్టూ, మామూలు చొక్కాలూ వేసుకుని నిలబడిన నలుగురిని చూసి లండన్ పత్రికలకు ఏం రాయాలో తోచలేదు. వేషం వేసుకుంటే నిలబడేవారా? చెప్పలేం; వేసుకున్నవాళ్లలోనూ చాలామంది రెండేళ్లలో మరుగయ్యారు.

రెండో కారణం సంగీతంలోనే ఉంది, నా దృష్టిలో ఇదే అసలుది. ఆగస్టులో బ్రాడ్‌షా వెళ్లిపోయి బేస్ గిటారుకు ఆల్జీ వార్డ్ వచ్చాడు. 1978 మే నెలలో వచ్చిన రెండో ఆల్బమ్ "ఎటర్నల్లీ యువర్స్"లో మొదటి పాట "నో యువర్ ప్రాడక్ట్" బాకాలతో మొదలవుతుంది. సోల్ అనే నల్లజాతి అమెరికన్ల సంగీతపు బాకాలు, కింద అదే పాత గిటారు గోడ. పంక్ అభిమానికి ఆ బాకాలు ద్రోహంలా వినిపించాయి, సోల్ అభిమానికి ఆ గిటారు మోత భరించరానిదైంది. పాట చార్టుకెక్కలేదు. ఇవాళ ఆ బ్యాండు గొప్ప పాటల్లో దాన్ని లెక్కించనివారు తక్కువ. అక్టోబరులో మూడోది, "ప్రీహిస్టారిక్ సౌండ్స్", వచ్చింది. వేగం తగ్గింది, బాకాలు పెరిగాయి, సోల్ గాయకుడు ఓటిస్ రెడింగ్ పాట ఒకటి చేరింది. ఈఎంఐ ఒప్పందం మూడు ఆల్బమ్‌లకు. మూడో దానితో కంపెనీ చేతులు దులుపుకుంది. ఆ ఏడాది చివరికి బ్యాండు విడిపోయింది.

కుపర్ ఆస్ట్రేలియా తిరిగొచ్చి 1979లో లాఫింగ్ క్లౌన్స్ కట్టాడు. సాక్సోఫోన్ ముందుండే జాజ్ ఛాయల బ్యాండు అది. "ప్రీహిస్టారిక్ సౌండ్స్" వెంటనే అది వింటే, ఆ మూడో ఆల్బమ్‌ను ఎవరు ఎటు లాగుతున్నారో తెలిసిపోతుంది.

బెయిలీ సెయింట్స్

పేరు బెయిలీ దగ్గర ఉండిపోయింది. 1980 నుంచి మారుతూ వచ్చిన సభ్యులతో ఆయన రికార్డులు తెస్తూనే ఉన్నాడు: 1981లో "ది మంకీ పజిల్", 1984లో "ఎ లిటిల్ మ్యాడ్‌నెస్ టు బి ఫ్రీ", 1986లో "ఆల్ ఫూల్స్ డే", 1988లో "ప్రాడిగల్ సన్", అలా 2012లో "కింగ్ ఆఫ్ ది సన్" దాకా. హే కూడా మధ్యలో తిరిగొచ్చి కొన్నాళ్లు వాయించాడు. "ఆల్ ఫూల్స్ డే"లోని "జస్ట్ లైక్ ఫైర్ వుడ్" ఆస్ట్రేలియాలో మొదటి నలభైలోకి వెళ్లింది.

కూడి చూస్తే స్టూడియో ఆల్బమ్‌లు పద్నాలుగు. కుపర్ ఉన్నవి మూడు, అవీ రెండేళ్ల లోపు వచ్చినవి. మిగిలిన పదకొండూ బెయిలీవి, మూడు దశాబ్దాల మీద పరుచుకున్నవి. "సెయింట్స్ పంక్ బ్యాండు" అనే వాక్యం పద్నాలుగింట్లో రెండింటికి పూర్తిగా, మూడోదానికి సగం వర్తిస్తుంది.

దీన్ని ఎలా చూడాలన్న దానిపై రెండు పక్షాలు. రెండోది నిజానికి బెయిలీ సోలో ప్రయాణమనీ, పాత పేరు పెట్టుకున్నది గుర్తింపు కోసమనీ ఒక పక్షం అంటుంది. పాటల నడకలోనే బలమైన ఆధారం ఉంది: మొదటి మూడింటిలో ఎక్కువ పాటలు ఇద్దరూ కలిసి రాసినవి, కుపర్ గిటారు బాణీయే వాటి వెన్నెముక. అది పోయాక వచ్చినది గాయకుడి చుట్టూ అల్లిన జానపద ఛాయల రాక్. రెండో పక్షం జవాబు: కుపర్ వెళ్లాడు, బెయిలీ వెళ్లలేదు. ముప్పై ఏళ్లకు పైగా ఆ పేరును వేదికల మీద బతికించినవాడికి అది వాడుకునే హక్కు లేకపోతే ఎవరికుంటుంది? బ్యాండు అంటే గొంతే అనుకునే శ్రోతకు బెయిలీ గొంతు ఉన్నచోటే సెయింట్స్. "ఆల్ ఫూల్స్ డే"ను మొదటి ఆల్బమ్ కొలతతో తూచి తీసిపారేయడం అన్యాయమనే నేనూ అంటాను.

పేరు, పాట, రికార్డింగు: మూడు వేర్వేరు ఆస్తులు

అభిమానుల తగువుల్లో ఈ మూడూ కలగాపులగం అవుతుంటాయి. పాట, అంటే మాటలు, బాణీ, రాసినవారిది. రికార్డింగు, అంటే ఫలానా రోజు స్టూడియోలో పట్టిన శబ్దం, సాధారణంగా డబ్బు పెట్టిన కంపెనీది లేదా ఒప్పందం ద్వారా దాన్ని పొందినవారిది. పేరు వ్యాపార గుర్తింపు కిందికి వస్తుంది.

మొదటి ఉదాహరణ. 2014 జనవరిలో వచ్చిన "హై హోప్స్" ఆల్బమ్‌లో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ "జస్ట్ లైక్ ఫైర్ వుడ్" పాడాడు. ఆ పాట రాసింది బెయిలీ ఒక్కడే. స్ప్రింగ్‌స్టీన్ కొత్తగా రికార్డు చేశాడు కాబట్టి 1986 నాటి రికార్డింగు హక్కుదారుకు అందులో పైసా రాదు, నాటి గిటారిస్టుకూ డ్రమ్మరుకూ రాదు. వాటా రచయితకు, ఆయన పాటల ప్రచురణ సంస్థకు.

రెండోది. ఎవరైనా సినిమాలో 1976 నాటి "ఐయామ్ స్ట్రాండెడ్" శబ్దాన్నే వాడాలంటే రెండు అనుమతులు కావాలి: పాటకు రచయితలైన కుపర్, బెయిలీల వైపు నుంచి ఒకటి, రికార్డింగు హక్కుదారు నుంచి ఇంకోటి. ఒకటి దొరికి ఒకటి దొరక్కపోతే, అదే పాటను వేరే బ్యాండుతో పాడించిన వెర్షన్ సినిమాలో వినిపిస్తుంది.

మూడోది 2024 కచేరీలు. వేదిక మీద పాత పాట వాయిస్తే రచయితల సంఘం ఆప్రా వేదికల నుంచి వసూలు చేసిన సొమ్ములో ఆ పాట రచయితలకు వాటా వస్తుంది. అంటే బెయిలీ వారసత్వ ఆస్తికి కూడా. గొంతు చించుకుని పాడిన మార్క్ ఆర్మ్‌కు పారితోషికమే గానీ రచయిత వాటా ఉండదు.

కాలపరిమితి కూడా వేర్వేరు. ఆస్ట్రేలియా చట్టంలో ఇద్దరు రాసిన పాటకు, వాళ్లలో చివరగా మిగిలినవారు పోయిన తర్వాత 70 ఏళ్ల దాకా హక్కు నడుస్తుంది. 1976లో విడుదలైన రికార్డింగుకు అక్కడ 2046 చివరి వరకే. మన దేశంలో రికార్డింగులకు 60 ఏళ్లే.

పేరు విషయం అన్నిటికంటే జారుడు నేల. రాతపూర్వక ఒప్పందం లేని బ్యాండును చట్టం తరచూ భాగస్వామ్యంగా చూస్తుంది, పేరుకున్న మంచిపేరు ఆ భాగస్వామ్యపు ఆస్తి. ఎవరైనా దాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంటే వారి చెయ్యి పైనుంటుంది. నమోదు లేకపోయినా, శ్రోతలను తప్పుదారి పట్టించేలా ఒక పేరు వాడితే ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం కింద అడ్డుకోవచ్చు. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లు బ్యాండు కట్టేటప్పుడు ఇలాంటి కాగితం రాసుకోవాలని ఎవరికీ తోచదు. తోచేసరికి వాళ్ల మధ్య మాటలు ఉండవు.

కుపర్ ఈ నేల మీద అడుగు పెట్టకుండా పక్కనుంచి నడిచాడు. 1991లో తొలినాటి సెయింట్స్ పాటలు వాయించడానికి ఒక బ్యాండు కట్టి, మొదటి అక్షరం తీసేసి "ది ఎయింట్స్" అన్నాడు. 2017లో చివర ఒక ఆశ్చర్యార్థకం చేర్చి మళ్లీ దాన్నే తెచ్చాడు. వ్యంగ్యం ఉంది, జాగ్రత్తా ఉంది.

కలయికలు, చివరి పేరు

2001లో సెయింట్స్‌ను ఆస్ట్రేలియా రికార్డు పరిశ్రమ సంఘం (ఏఆర్ఐఏ) హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు. 2007లో జాతీయ చలనచిత్ర, ధ్వని భాండాగారం "సౌండ్స్ ఆఫ్ ఆస్ట్రేలియా" జాబితా మొదలుపెట్టినప్పుడు తొలి విడతలోనే "ఐయామ్ స్ట్రాండెడ్" ఉంది. అదే ఏడాది జూలైలో క్వీన్స్‌లాండ్ సంగీతోత్సవంలో భాగంగా జరిగిన పిగ్ సిటీ కచేరీలో బెయిలీ, కుపర్, హే కలిసి వాయించారు. 2009 జనవరిలో ఆస్ట్రేలియా గాయకుడు నిక్ కేవ్ బ్యాండ్లను ఎంపిక చేసిన ఆల్ టుమారోస్ పార్టీస్ ఉత్సవంలో మరోసారి. కొత్త పాటలు మాత్రం రాలేదు. 2012 ఆల్బమ్ మళ్లీ బెయిలీ సెయింట్స్‌దే.

బెయిలీ పోయాక మిగిలిన ఇద్దరి ముందు మూడు దారులున్నాయి: వాయించకపోవడం, ఉత్త సెయింట్స్ పేరుతో వాయించడం, మూడో పేరు వెతకడం. వాళ్లు పేరు పక్కన ఏళ్లు చేర్చారు. మార్క్ ఆర్మ్‌తో పాటు బేస్ గిటారుకు సన్నీబాయ్స్ బ్యాండు నుంచి పీటర్ ఆక్స్‌లీ, ఇంకో పక్క బర్త్‌డే పార్టీ, బ్యాడ్ సీడ్స్ బ్యాండ్లలో పనిచేసిన మిక్ హార్వీ చేరారు; బాకాలనూ మరచిపోలేదు. "ఐయామ్ స్ట్రాండెడ్" పెట్టె సెట్టును ఇన్ ది రెడ్ రికార్డ్స్ ఆ ఏడాదే విడుదల చేసింది.

టిక్కెట్టు కొనేవాడికి ఏం దొరుకుతుందో '73–'78 అనే అంకెలు ముందే చెప్పేస్తాయి. అవే అంకెలు పదకొండు ఆల్బమ్‌లను గుమ్మం బయట నిలబెడతాయి కూడా. స్ప్రింగ్‌స్టీన్ పుణ్యమా అని సెయింట్స్ పేరు ఎన్నడూ వినని శ్రోతలకు కూడా చేరిన "జస్ట్ లైక్ ఫైర్ వుడ్" ఆ పదకొండింటిలో ఒకదానిలోనే ఉంది.